గ్రే వేల్, మోనార్క్ సీతాకోకచిలుక: ఎవరి వలస గొప్పది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో ఉంటున్నారు. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి గ్రే వేల్‌నీ, మోనార్క్ సీతాకోకచిలుకనీ ఎంచుకుంది. రెండూ చలికాలానికి మెక్సికో చేరతాయి కాబట్టి ఎవరి వలస గొప్పదో తేల్చాలి. ముప్పై టన్నుల జంతువునీ అర గ్రాము పురుగునీ పక్కపక్కన పెట్టడంలో అసలు అర్థం ఉందా అని మీ అనుమానం. డిసెంబరు సెలవుల్లో రెండింటినీ ఒకే రోజు చూడొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, దూరం లెక్కన తిమింగలానిదే గెలుపు. అయినా నా ఓటు మాత్రం సీతాకోకచిలుకకే. తిమింగలం పిల్ల మొదటి ప్రయాణం తల్లి పక్కన చేస్తుంది. సీతాకోకచిలుక ఎవరూ చూపించని దారిలో, తనెప్పుడూ చూడని చోటికి వెళ్తుంది. పోల్చడంలో అర్థం ఉందా అంటే ఉంది, బరువులూ కిలోమీటర్లూ దగ్గరే ఆగిపోకపోతే. ఒకే రోజు చూడటం కూడా కుదురుతుంది, వివరాలు కింద రాస్తాను.

నా గురించి ఒక్క ముక్క. విశాఖలో జువాలజీ చదివి, ఇక్కడికొచ్చాక పొట్టకూటికి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. పదకొండేళ్లుగా వారాంతాల్లో మాంటెరే వైపు వెళ్లి బోటు మీద వచ్చినవాళ్లకి తిమింగలాల గురించి చెప్తుంటాను. చలికాలంలో సీతాకోకచిలుకల లెక్కింపుకీ వాలంటీరుగా వెళ్తాను. మెక్సికోలో ఈ రెండూ చేరే చోట్లకి ఒక్కోసారి వెళ్లొచ్చాను.

ముందు ఒక సవరణ. మీ అమ్మాయి ప్రాజెక్టులో తప్పు పోకుండా చూడండి. మన కాలిఫోర్నియా తీరంలో చలికాలం కనిపించే మోనార్కులు మెక్సికో వెళ్లేవి కావు. రాకీ పర్వతాలకి పడమట పుట్టినవి ఎక్కువగా ఈ తీరానికే వచ్చి యూకలిప్టస్, పైన్, సైప్రస్ చెట్ల మీద చలికాలం గడుపుతాయి. రాకీలకి తూర్పున, కెనడా దక్షిణం దాకా ఉన్నవి మెక్సికోలోని మిచోఅకాన్ కొండలకి పోతాయి. పేరున్న ఆ పెద్ద వలస వాటిది. గ్రే వేల్స్ మాత్రం మన కళ్లముందు నుంచే మెక్సికో వెళ్తాయి.

ఇక లెక్కలు. గ్రే వేల్ వేసవిలో అలాస్కా పైన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తుంది. చలికాలానికి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా చేరి మళ్లీ వెనక్కి వస్తుంది. రానూపోనూ 16,000 నుంచి 20,000 కిలోమీటర్లు. రష్యాలోని సఖాలిన్ దగ్గర ట్యాగ్ వేసిన వర్వారా అనే ఆడ తిమింగలం 2011-12లో మెక్సికో వెళ్లి తిరిగి రావడానికి 172 రోజుల్లో 22,511 కిలోమీటర్లు ఈదింది. మోనార్క్ ఒక వైపు వెళ్లే దూరం ఎక్కువలో ఎక్కువ 4,500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది.

"ఒంటి పొడవుతో భాగించి చూడాలి కదా" అంటారు పిల్లలు. సరే, చేద్దాం. 13 మీటర్ల తిమింగలం ఒక వైపు 9,000 కిలోమీటర్లు వెళ్తే అది దాని ఒంటి పొడవుకి దాదాపు 7 లక్షల రెట్లు. మూడున్నర సెంటీమీటర్ల ఒళ్లున్న సీతాకోకచిలుక 4,000 కిలోమీటర్లు వెళ్తే 11 కోట్ల రెట్లు పైనే. మనిషి తన ఎత్తుకి అన్ని రెట్లు నడవాలంటే భూమి చుట్టూ సుమారు ఐదు సార్లు తిరగాలి. వినడానికి బాగుంటుంది, పోస్టర్ మీద రాసుకోవచ్చు. కానీ నేను ఈ లెక్కకి పెద్ద విలువ ఇవ్వను. సీతాకోకచిలుక రెక్కలాడిస్తూ మొత్తం దూరం వెళ్లదు. ఎండకి వేడెక్కి పైకి లేచే గాలిని పట్టుకుని గద్దలాగా తేలుతుంది, ఉత్తరపు గాలి వస్తే దాని మీద స్వారీ చేస్తుంది. ఎదురుగాలి ఉన్న రోజు చెట్టు మీద కూర్చుంటుంది. తిమింగలానికి అలాంటి సెలవుల్లేవు. పగలూ రాత్రీ గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఈదుతూనే ఉంటుంది.

బరువు సంగతికొస్తే నాకు నిజంగా ఒళ్లు జలదరించిన లెక్క ఒకటుంది. మెక్సికోలో సీతాకోకచిలుకల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు కాబట్టి అవి కప్పేసిన అడవి ఎన్ని హెక్టార్లో కొలుస్తారు. హెక్టారుకి సుమారు 2 కోట్ల 10 లక్షలు ఉంటాయని ఒక అంచనా. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లు. అంటే అరగ్రాము లెక్కన ఓ 190 టన్నులు, ఆరు తిమింగలాల బరువు. 2023-24లో 0.9 హెక్టారే. అంటే రాకీలకి తూర్పున ఉన్న మోనార్కులన్నీ కలిసి ఆ ఏడాది తొమ్మిది పది టన్నులు. ఒక్క తిమింగలంలో మూడో వంతు. ఒక ఖండం మీది సీతాకోకచిలుకల వలసంతా ఒక లారీలో పట్టేంత.

తిండి దగ్గర ఈ రెండూ పూర్తిగా ఎదురెదురు. గ్రే వేల్ వేసవంతా సముద్రం అడుగున పక్కకి ఒరిగి, ఎక్కువగా కుడి పక్కకి, బురదని నోట్లోకి పీల్చి, నోట్లో దువ్వెన పళ్లలా వేలాడే బలీన్‌తో వడగట్టి, అందులోని చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తింటుంది. ఒంటి నిండా కొవ్వు పట్టించుకుని బయల్దేరుతుంది. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు పస్తులే. ఆ పస్తుల్లోనే ఈనడం, ఆ పస్తుల్లోనే పాలివ్వడం. ఆ పాలలో సగానికి పైగా కొవ్వే, మన గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉంటేనే చిక్కటి పాలంటాం. మోనార్క్ అలా కాదు. అది దారిలో తింటూ వెళ్తుంది. శరత్కాలంలో పూసే పూల తేనె తాగుతూ, టెక్సస్, ఉత్తర మెక్సికో దాటేలోపు కొవ్వు పెంచుకుంటుంది. తిమింగలం ఖాళీ అవుతూ గమ్యం చేరితే, ఇది నిండుతూ చేరుతుంది. అందుకే తిమింగలానికి ఆర్కిటిక్‌లో మేత తగ్గితే ప్రమాదం, మోనార్క్‌కి దారి పొడవునా పూలు లేకపోతే ప్రమాదం.

ఇప్పుడు అసలు విషయం, దారి.

గ్రే వేల్ పిల్ల జనవరి ప్రాంతంలో బాహాలోని ఉప్పునీటి సరస్సుల్లో పుడుతుంది (మన పులికాట్ లాంటివనుకోండి, సముద్రంలోకి సన్నటి నోరు ఉంటుంది). పుట్టినప్పుడే నాలుగున్నర మీటర్లు. రెండు మూడు నెలలు అక్కడే ఈత నేర్చుకుని, వసంతంలో తల్లిని అంటిపెట్టుకుని ఉత్తరానికి బయల్దేరుతుంది. తల్లీపిల్లలు అన్నిటికంటే ఆఖరున, ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తాయి. తిమింగలం పిల్లల్ని వేటాడే ఓర్కాల (కిల్లర్ వేల్స్) భయం. మాంటెరే దగ్గర సముద్రం అడుగున ఒక పెద్ద లోయ ఉంది, అక్కడ లోతు నీళ్లు దాటక తప్పదు. ఓర్కాలకి ఆ సంగతి తెలుసు, ఏప్రిల్, మే నెలల్లో అక్కడే కాపు కాస్తాయి. ఒకసారి మా బోటు పక్కనే ఒక తల్లి వెల్లకిలా తిరిగి పిల్లని పొట్ట మీదకి ఎక్కించుకుని గంటల తరబడి కాపాడుకోవడం చూశాను. బోట్లో ఉన్న నలభై మందిలో ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. ఆ పిల్ల బతికింది. బతకని రోజులూ చూశాను, అవి మీ అమ్మాయి ప్రాజెక్టుకి వద్దు.

ఆ దారిలో ఒకసారి తల్లితో వెళ్లిన పిల్ల తర్వాత యాభై, అరవై ఏళ్లు అదే దారిలో తిరగొచ్చు. తిమింగలాలకి భూమి అయస్కాంత శక్తిని పసిగట్టే గుణం ఉండొచ్చని కూడా శాస్త్రవేత్తల అనుమానం. వర్వారా వెళ్లిన దారినే తిరిగి రాలేదు, నడిసముద్రం అడ్డంగా కోసుకుంటూ ఈదింది. కాబట్టి ఒడ్డు చూసుకుంటూ గుర్తుపట్టి వెళ్తాయన్నది పూర్తి జవాబు కాదు. అయినా ఆ జంతువుకి ఒక వయసుంది, అనుభవం ఉంది, తల్లి ఉంది.

మోనార్క్ వైపు చూడండి. వసంతంలో మెక్సికో కొండల నుంచి బయల్దేరిన సీతాకోకచిలుక టెక్సస్ దాకా వచ్చి, మిల్క్‌వీడ్ మొక్కల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దాని పిల్లలు ఇంకొంచెం పైకి వెళ్తాయి, అవీ గుడ్లు పెట్టి పోతాయి. వేసవిలో వీటి ఆయుష్షు రెండు నుంచి ఐదారు వారాలే. అలా మూడు నాలుగు తరాలు మారాక కెనడా సరిహద్దుల్లో ఆగస్టు చివర పుట్టిన సీతాకోకచిలుక ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది. దాని తల్లి ఎప్పుడూ మెక్సికో చూడలేదు. అమ్మమ్మా చూడలేదు. చూసినవాళ్లు ఎప్పుడో పోయారు. ఇది మాత్రం వేల కిలోమీటర్లు ఎగిరి, తన ముత్తవ్వలు చలికాలం గడిపిన అదే కొండల మీది ఒయమెల్ ఫర్ చెట్లకి వెళ్లి వేలాడుతుంది. మన ఇళ్లల్లో మునిమనవడికి ముత్తాత ఊరి పేరు చెప్పేవాళ్లు ఎవరో ఒకరుంటారు. వీటికి ఆ మాత్రం కూడా లేదు.

ఎలా వెళ్తుంది? సూర్యుణ్ణి చూసి. కానీ సూర్యుడు ఒకచోట ఉండడు కదా, పొద్దున తూర్పున ఉన్నవాణ్ణి చూసి వెళ్లినట్టే సాయంత్రం వెళ్తే దారి తప్పుతుంది. కాబట్టి టైమెంతో కూడా తెలియాలి. ఆ గడియారం దాని తలమీది మీసాల్లో ఉందని 2009లో తేల్చారు. మీసాలకి నల్లరంగు పూస్తే దిక్కు తప్పింది, వెలుతురు పోయే పారదర్శకమైన రంగు పూస్తే సరిగ్గానే వెళ్లింది. మబ్బు రోజులకి అయస్కాంత దిక్సూచి కూడా ఉందని 2014లో చూపించారు. ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. శరత్కాలపు సీతాకోకచిలుకల్ని 24 రోజులు కొండల మీద ఉండేంత చలిలో ఉంచితే, దక్షిణానికి పోయేవి కాస్తా ఉత్తరానికి తిరిగాయి. తిరుగు ప్రయాణానికి మీట చలే అన్నమాట. ఈ తరం ఎనిమిది, తొమ్మిది నెలలు బతకడానికి కారణం కూడా ఉంది. పగటి పొద్దు తగ్గి, చలి మొదలవుతున్నప్పుడు ఎదిగినవాటిలో జువనైల్ హార్మోన్ తగ్గిపోతుంది, దాంతో జతకట్టడం, గుడ్లు పెట్టడం వాయిదా పడతాయి, ముసలితనం కూడా దానితోపాటే వాయిదా పడుతుంది.

ఇవి ఎక్కడికి పోతున్నాయో బయటి ప్రపంచానికి 1975 దాకా తెలియదు. టొరంటోకి చెందిన ఫ్రెడ్, నోరా ఉర్కార్ట్ దంపతులు దశాబ్దాల పాటు రెక్కలకి చిన్న కాగితం ట్యాగులు అంటించి వదిలారు. వాళ్లకి సాయంగా వెతుకుతున్న కెన్ బ్రగ్గర్, కతలీనా అగువాదో 1975 జనవరిలో సెర్రో పెలోన్ కొండ మీద వాటిని కనుక్కున్నారు. మరుసటేడు ఉర్కార్ట్ అక్కడికి వెళ్లి కూర్చున్నప్పుడు, విరిగిపడిన కొమ్మ మీది సీతాకోకచిలుకల్లో మిన్నెసోటాలో అంటించిన ట్యాగ్ ఒకటి కనిపించింది. అయితే అక్కడి మసావా, పురేపెచా జనానికి ఇవి కొత్త కాదు. నవంబరు మొదట్లో, పెద్దల్ని తలుచుకునే పండగ రోజుల్లో వస్తాయి కాబట్టి పోయినవాళ్ల ఆత్మలే తిరిగొచ్చాయని అనుకునేవారు. మన మహాలయ పక్షంలో కాకి కోసం ఎదురుచూడటం గుర్తొచ్చింది నాకు.

నేను వెళ్లింది ఆ కొండల్లోని ఎల్ రొసారియోకి. సుమారు 3,000 మీటర్ల ఎత్తు, నాలుగడుగులకోసారి ఆయాసం. మొదట చెట్లకి ఎండుటాకులు గుత్తులుగా వేలాడుతున్నాయనుకున్నాను. ఎండ పడగానే ఆ ఆకులు నారింజ రంగులో విచ్చుకున్నాయి. గైడు మాట్లాడొద్దన్నాడు, ఎందుకో కాసేపటికి తెలిసింది. రెక్కల చప్పుడు వినిపిస్తుంది, తాటాకు పందిరి మీద సన్నటి వాన పడ్డట్టు.

బాహాలో సాన్ ఇగ్నాసియో సరస్సుకి వెళ్లిన రోజు వేరే రకం. చిన్న పడవ. తల్లి తిమింగలం పడవ కింద నుంచి వచ్చి పిల్లని పైకి తోసింది. చేయి పెట్టి ముట్టుకున్నాను. ఉడికించి పెంకు తీసిన కోడిగుడ్డులా ఉంది చర్మం, మధ్యమధ్య ఒంటికి అతుక్కుని పెరిగే బార్నకిల్స్ అనే పెంకు జీవుల గరుకు. ఊపిరి వదిలితే కుళ్లిన చేపల వాసన, బట్టలకి రెండు రోజులు పోలేదు. ఈ జాతినే వేటగాళ్లు ఒకప్పుడు 'దెయ్యపు చేప' అనేవాళ్లు. చార్లెస్ స్కామన్ అనే వేట ఓడ కెప్టెన్ 1850ల్లో ఇదే తీరంలోని సరస్సుల్లోకి ఓడలు తెచ్చి చంపినప్పుడు, పిల్లల కోసం తల్లులు పడవల్ని పగలగొట్టేవి. అదే సాన్ ఇగ్నాసియోలో 1972లో పచీకో మయోరాల్ అనే జాలరి దగ్గరికి వచ్చిన తిమింగలాన్ని భయపడుతూనే తాకాడు. అప్పటి నుంచి ఈ ముట్టుకోవడాలు. మనిషి వేట ఆపిన కొద్ది తరాలకే ఇంత నమ్మకం ఎలా వచ్చిందో నాకు అంతుబట్టదు.

ఎవరు ముందు కోలుకుంటారు? ఈ పాయింటు ప్రాజెక్టులో తప్పకుండా పెట్టించండి. గ్రే వేల్ కడుపుతో ఉండేది ఏడాది పైనే, రెండేళ్లకోసారి మించి ఈనదు. వేట ఆగాక కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికా వాళ్లు 1994లో అంతరించే జాబితా నుంచి తీసేశారు, 2016కి సుమారు 27,000 అయ్యాయి. 2019 నుంచి బక్కచిక్కి ఒడ్డుకి కొట్టుకురావడం మొదలైంది, 2025 లెక్కకి సుమారు 13,000. ఆర్కిటిక్‌లో మంచు కరిగి మేత మారడమే ప్రధాన కారణమంటున్నారు. మోనార్క్ ఆడది వందల గుడ్లు పెడుతుంది. 2020 చలికాలంలో పడమటి తీరం మొత్తం కలిపి రెండు వేల లోపే లెక్కకి వచ్చాయి. ఆ ఏడు మాంటెరే పక్కనున్న పసిఫిక్ గ్రోవ్‌లో మేం మెడలు నొప్పిపుట్టేలా చూసినా సున్నా. ఇక అయిపోయిందనుకున్నాం. మరుసటేడే తీరమంతా కలిపి దాదాపు 2,47,000! 2024లో మళ్లీ 9,119కి పడిపోయాయి. తిమింగలాల లెక్క బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదైతే వీటిది మిర్చి రేటు.

నా తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకండి. సీతాకోకచిలుకలకి మంచిదని ఒక నర్సరీలో ఎర్రా పసుపూ పూల మిల్క్‌వీడ్ అమ్మితే పెరట్లో నాటాను. అది ఇక్కడి మొక్క కాదు, చలికాలంలో ఎండిపోదు. ఎండిపోకపోవడమే ముప్పు. ఏడాదంతా ఆకులు ఉండటంతో వాటి మీద ఓఈ అనే పరాన్నజీవి పేరుకుంటుంది, పైగా వలస పోవాల్సినవి గుడ్లు పెడుతూ అక్కడే ఆగిపోతాయి. రెక్కలు ముడుచుకుపోయిన రెండు పిల్లల్ని చూశాక మొత్తం పీకేశాను. నాటాలంటే తీరానికి దూరంగా, ఇక్కడి రకాలే నాటండి. గొంగళిపురుగుల్ని డబ్బాలో పెట్టి పెంచే కిట్లు కూడా వద్దు, కాలిఫోర్నియాలో పర్మిట్ లేకుండా అలా పెంచకూడదు.

ఇక ఒకే రోజు రెండూ. డిసెంబరు చివర కుదురుతుంది, జనవరి మధ్య ఇంకా మేలు, దక్షిణానికి వెళ్లే తిమింగలాల జోరు అప్పుడే. పొద్దున మాంటెరేలో బోటు ఎక్కండి. వాంతుల మాత్ర బోటు కదిలాక కాదు, గంట ముందే వేసుకోవాలి. మా మామగారు "నేను బంగాళాఖాతం చూసినవాణ్ణి" అని మాత్ర వద్దన్నారు, మూడు గంటలూ రెయిలింగ్‌కే అతుక్కుపోయారు. వీపు మీద రెక్క ఉండదు, తోక వైపు గుబ్బలుంటాయి. ఎగజిమ్మిన నీటి ఆవిరి వెనక నుంచి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది. బోటు వద్దనుకుంటే పాయింట్ లోబోస్ గట్టు మీద బైనాక్యులర్స్‌తో కూర్చోండి. అక్కడికి కాస్త దక్షిణాన గ్రానైట్ కాన్యన్ నుంచే ప్రభుత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వీటిని లెక్కపెడుతున్నారు.

మధ్యాహ్నం పసిఫిక్ గ్రోవ్ మోనార్క్ తోటకి రండి. 13 డిగ్రీల లోపు చలి ఉంటే అవి ఎగరలేవు, కాబట్టి కాస్త ఎండెక్కాకే వెళ్లడం మంచిది. ఎండుటాకుల గుత్తి అనిపించిన ప్రతిదాన్నీ రెండోసారి చూడండి. ఏడాదిని బట్టి వేలు కనిపించొచ్చు, ఒక్కటీ కనిపించకపోవచ్చు, అమ్మాయికి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇండియా వెళ్లినప్పుడు ఇంకో పని చేయమనండి. మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబపు మొక్కే, విరిస్తే వచ్చే పాలు కూడా అలాంటివే. ఆ విషమే మోనార్క్‌ని పిట్టల నుంచి కాపాడేది. మన జిల్లేడు మీద మోనార్క్‌కి దగ్గరి చుట్టం ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది. ఊరి చివర ఆకులు తిప్పి చూస్తే నలుపు, తెలుపు చారలూ పసుపు చుక్కలూ ఉన్న గొంగళిపురుగు దొరుకుతుంది. పాలు కంట్లో పడకుండా చూసుకుని, ఒంటి మీది మెత్తటి కొమ్ములు లెక్కపెట్టమనండి. మోనార్క్‌కైతే రెండు జతలు, దీనికి మూడు.